పాత ల్యాండ్‌లైన్ ఫోనుకు ఇంటర్నెట్ లైను: ఏ డబ్బా ఎవరికి సరిపోతుంది?

మొన్న వేసవిలో నల్గొండ రామగిరిలో మా పెద్దమ్మ ఇంటికి పోయాను. టీవీ స్టాండు మీద పాత బటన్ల ఫోను, దాని పక్కన ఇంకా సీలు విప్పని చిన్న డబ్బా ఉన్నాయి. ఆ డబ్బా పాత ఫోనును ఇంటర్నెట్‌కు కలిపే అడాప్టర్, మా అన్న హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేసి పంపించాడు. రాగి తీగ లైను చచ్చిపోయి చాలా రోజులైంది, ఇంట్లోకి ఫైబర్ వచ్చింది. "ఇది పెడితే ఫోను మళ్ల మోగుతదట గద బిడ్డా" అన్నది పెద్దమ్మ. డబ్బా విప్పకముందే నేను ఫైబర్ మోడెంను వెనక్కి తిప్పి చూశాను. ఇంటర్నెట్ తీగ గుచ్చే పెద్ద రంధ్రాల పక్కన ఒక సన్నటి రంధ్రం ఉంది, దాని మీద ఫోను బొమ్మ ఉంది. మోడెం పెట్టిన రోజు నుంచి అది ఖాళీగానే ఉంది. ఫోను తీగ అందులో గుచ్చి, కంపెనీ వాళ్లతో వాయిస్ సర్వీసు ఆన్ చేయించాం. మూడో రోజు ఫోను మోగింది. డబ్బాను సీలు విప్పకుండానే వాపసు పంపించాం.

ఇళ్లల్లో, మిల్లుల్లో, దవాఖానల్లో ఫోన్ల పని చేసేవాడిని కాబట్టి నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ అడాప్టర్ మంచిది?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: మీకు నంబరు ఎవరిస్తున్నారు? డబ్బా అంటే మధ్యలో ఉండే దుబాసీ మాత్రమే. అటువైపు నంబరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే కంపెనీ లేకపోతే ఎంత మంచి అడాప్టరైనా మూగదే. అందుకే మొదట నంబరు సంగతి తేల్చుకోండి, డబ్బా సంగతి తర్వాత చూద్దాం.

డబ్బా లోపల జరిగేది

పాత పద్ధతిలో ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రెండు తీగల్లోనే అన్నీ ఉండేవి. ఎప్పుడూ 48 వోల్టుల డీసీ ఉండేది. ఫోను మోగాల్సి వచ్చినప్పుడు దాదాపు 75 వోల్టుల ఏసీ వచ్చి గంట కొట్టేది. ఇంట్లో కరెంటు లేకున్నా ఫోను పనిచేసేది అందుకే, బ్యాటరీలు ఎక్స్ఛేంజిలో ఉండేవి. ఇప్పుడు ఆ ఎక్స్ఛేంజి చేసే పని అంతా మన అరచేతిలో పట్టే అడాప్టర్ చేయాలి. రిసీవర్ ఎత్తితే టోను ఇవ్వాలి, నొక్కిన అంకెలు అర్థం చేసుకోవాలి, గంట కొట్టాలి, మాటను ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పంపించాలి. దీన్ని ఏటీఏ అంటారు. మామూలు ఫోను గుచ్చే పోర్టు పేరు ఎఫ్ఎక్స్ఎస్. ఎఫ్ఎక్స్ఓ అని ఇంకో రకం ఉంది, అది ఫోను కోసం కాదు, బయటి నుంచి వచ్చే పాత లైను గుచ్చడానికి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడు జనం ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే. ఇంట్లో ఫోను మోగించడానికి మీకు కావాల్సింది ఎఫ్ఎక్స్ఎస్.

మొదటి దారి: మోడెంలో ఉన్న పోర్టే

ఇంటికి ఫైబర్ ఉంటే ముందు దీన్నే చూడండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కానీ, జియో ఫైబర్ కానీ, ఎయిర్‌టెల్ కానీ, వాయిస్ ప్లాన్‌తో ఇచ్చే మోడెంలో ఫోను పోర్టు ఉంటుంది. లోపల జరిగేది అడాప్టర్ పనే, కాకపోతే సెట్టింగులన్నీ కంపెనీ వాళ్లే దూరం నుంచి పెడతారు. మనం చేయాల్సింది ఫోను గుచ్చడం ఒక్కటే. నంబరు ఎస్‌టీడీ కోడ్‌తోనే వస్తుంది. నల్గొండ అయితే 08682, మహబూబ్‌నగర్ అయితే 08542, మిర్యాలగూడ అయితే 08689. ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒకే కంపెనీ ఉంటుంది. ఇది చిన్న సుఖం కాదు. అడాప్టర్ ఒకరిది, ఇంటర్నెట్ ఒకరిది, నంబరు ఇంకొకరిది అయినప్పుడు ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పి తప్పుకుంటారు.

దీంట్లో ఇబ్బంది కూడా ఒకటుంది. చాలా కంపెనీలు ఆ నంబరు తాలూకు పాస్‌వర్డ్ మన చేతికి ఇవ్వవు. అంటే ఆ నంబరును మనం కొనుక్కున్న అడాప్టర్‌లో పెట్టుకోలేం, వాళ్ల మోడెంలోనే ఉండాలి. మోడెం ముందు గదిలో, ఫోను వెనక గదిలో ఉంటే తీగ లాగక తప్పదు. ఇళ్లకు ఇది పెద్ద సమస్య కాదని నా అభిప్రాయం.

పాత నంబరు కాపాడుకోవాలనుకునేవాళ్లు ఈ మాట జాగ్రత్తగా వినండి. మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును మార్చుకోవడానికి మన దేశంలో వీలు లేదు. రాగి తీగ మీద ఉన్న నంబరు కావాలంటే అదే కంపెనీ ఫైబర్‌కు మారుతూ, "ఇదే నంబరు ఉంచండి" అని దరఖాస్తులో రాయించుకోవాలి. నాకు తెలిసిన ఒక బట్టల షాపాయన కొత్త కంపెనీ కనెక్షన్ తీసుకుని, పాతది సరెండర్ చేసేశాడు. పాత నంబరు దానంతటదే కొత్తదాంట్లోకి వస్తుందని అనుకున్నాడు. బిల్లు బుక్కుల మీద, బోర్డు మీద, సంచుల మీద ఏళ్లుగా అచ్చయిన నంబరు ఒక్క సంతకంతో పోయింది. ఎంత తిరిగినా మళ్లీ రాలేదు.

రెండో దారి: విడిగా అడాప్టర్

ఇది ఎప్పుడు కావాలి? లైసెన్సున్న కంపెనీ దగ్గర కేవైసీ కాగితాలిచ్చి ఇంటర్నెట్ ఫోను నంబరు తీసుకుని, వాళ్లు సిప్ (ఇంటర్నెట్‌లో కాల్స్ కలిపే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చేతికి ఇచ్చినప్పుడు కావాలి. లేదా ఆఫీసులో ఐపీ ఎక్స్ఛేంజి (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజి) ఉండి, దానికి పాత ఫోన్లు కలపాల్సినప్పుడు కావాలి. ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్లకు, మొబైళ్లకు దేశంలోపల మాట్లాడుకోవడం 2018 జూన్‌లో టెలికాం శాఖ స్పష్టంగా అనుమతి ఇచ్చాకే సులువైంది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ఫోను ఉన్నా, అప్పటి నిబంధనలో అది ఎక్కువగా విదేశాలకు మాట్లాడుకోవడానికే పనికొచ్చేది.

రకాల సంగతికొస్తే, నా చేతుల మీదుగా ఎక్కువ పోయింది గ్రాండ్‌స్ట్రీమ్. హెచ్‌టీ 801లో ఒక ఫోను పోర్టు, హెచ్‌టీ 802లో రెండు. రెండింటికీ ఒక్కో నెట్‌వర్క్ పోర్టే ఉంటుంది. హెచ్‌టీ 812లో రెండు ఫోను పోర్టులు, రూటర్‌లా పనిచేసే రెండు గిగాబిట్ పోర్టులు ఉంటాయి. ఇంటికి 801 చాలు. 812లోని రూటర్ సంగతి చూసి ఆశపడకండి, ఇంట్లో ఇప్పటికే ఒక రూటర్ ఉంటుంది, రెండోది పెడితే తలనొప్పే. హెచ్‌టీ 813లో ఒక ఎఫ్ఎక్స్ఎస్, ఒక ఎఫ్ఎక్స్ఓ. పాత రాగి లైను ఇంకా బతికి ఉండి, అదే ఫోనులో రెండు నంబర్లూ కావాలనుకునేవాళ్లకే అది పనికొస్తుంది. ఎఫ్ఎక్స్ఓ ఉంది కదా అని విదేశీ కాల్స్‌ను ఇంటర్నెట్‌లో రప్పించి ఇక్కడి లోకల్ లైనులోకి వదలడం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఎవరైనా "మీ ఇంట్లో డబ్బా పెట్టుకోనివ్వండి, నెలకింత ఇస్తాం" అంటే గేటు దగ్గరి నుంచే పంపించేయండి.

సిస్కో ఎస్‌పీఏ 112 గట్టి డబ్బా, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. కానీ కంపెనీ దాన్ని అమ్మడం 2020లోనే ఆపేసింది. కొత్త సాఫ్ట్‌వేర్ రాని వస్తువును ఇంటర్నెట్‌కు తగిలించడం నాకు ఇష్టం ఉండదు. సెకండ్ హ్యాండులో చవకగా దొరికినా వద్దనే చెప్తాను. దాని తర్వాత వచ్చినవి ఏటీఏ 191, 192. వడోదరకు చెందిన మ్యాట్రిక్స్ అడాప్టర్లు ఆఫీసుల్లో కనిపిస్తాయి.

మీ దగ్గర చక్రం తిప్పే పాత ఐటీఐ ఫోను ఉంటే ఇంకో మాట. అది అంకెకు టోను ఇవ్వదు, లైనును తెంపి తెంపి లెక్క చెబుతుంది. 1కి ఒక్కసారి, 0కి పదిసార్లు. దాన్ని అర్థం చేసుకునే పల్స్ డయలింగ్ గ్రాండ్‌స్ట్రీమ్ 801, 802లో ఉంది, సెట్టింగులో ఆన్ చేసుకోవాలి. అన్ని అడాప్టర్లలో ఉండదు, కాబట్టి అడిగి కొనండి. మాట్లాడుకోవడానికి ఆ ఫోను బాగుంటుంది కానీ, "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అన్నచోట అది ఏమీ చేయలేదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన డబ్బా

నల్గొండ, సూర్యాపేట పక్క ఇలాంటివి చాలా ఇళ్లల్లో చూశాను. పిల్లలు అక్కడి నంబరుతో అడాప్టర్ పంపిస్తారు. ఇక్కడ మోడెంకు తగిలిస్తే వాళ్లకు లోకల్ కాల్ లెక్క, అమ్మానాన్నలకు ఇంటి ఫోనే లెక్క. వాట్సాప్ తెరవడం రాని పెద్దవాళ్లకు రిసీవర్ ఎత్తితే చాలు, కొడుకు గొంతు వినపడుతుంది. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ దీన్ని ఇంటికి ఉన్న ఒకే ఫోనుగా పెట్టకండి. దాంట్లో 108 కొడితే మన అంబులెన్సు రాదు. 112 కొట్టినా మన పోలీసులకు పోదు. ఫోను మీద ఈ సంగతి కాగితం అంటించి, పక్కన ఒక మొబైల్ తప్పకుండా ఉంచండి. ఇంకో విషయం, అక్కడి కంపెనీలు ఇచ్చే డబ్బాలు చాలావరకు తాళం వేసినవే. సర్వీసు ఆపేశాక ఇక్కడి నంబరుకు వాడుకుందామంటే కుదరదు. పంపించేముందే "అన్‌లాక్ చేసిందే కొను" అని చెప్పండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, కాబట్టి డబ్బాతో వచ్చే చార్జర్ మీద 100 నుంచి 240 అని ఉందో లేదో కూడా చూడాలి.

ఫైబర్ లేని ఊళ్లకు

దేవరకొండ అవతలి తండాల్లో, అచ్చంపేట పైన అడవి అంచు ఊళ్లల్లో ఫైబర్ లేనిచోట మొబైల్ డేటా మీద అడాప్టర్ నడిపించమని నన్ను అడుగుతారు. నడుస్తుంది, కానీ నేను చేయను. సిగ్నల్ ఊగినప్పుడల్లా మాట తెగుతుంది, కాల్స్ లోపలికి రావు. అక్కడ సిమ్ వేసే ల్యాండ్‌లైన్ ఫోనే మేలు. చూడటానికి మామూలు ఫోనులాగే ఉంటుంది, లోపల సిమ్, బ్యాటరీ ఉంటాయి, కరెంటు పోయినా పనిచేస్తుంది. కొనేటప్పుడు 4జీ వోల్టే (4జీలోనే మాట పోయే పద్ధతి) ఉన్నదే తీసుకోండి. చవకగా దొరికే 2జీ సెట్టులో జియో సిమ్ పనిచేయదు. నంబరు మొబైల్‌ది వస్తుంది, అంతే తేడా.

మిల్లులు, షాపులు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పరిస్థితి వేరు. కాంటా దగ్గర ఒక ఫోను, బాయిలర్ దగ్గర ఒకటి, గేటులో ఒకటి, ఆఫీసులో రెండు, వీటన్నింటికీ పాత ఈపీఏబీఎక్స్, అంటే లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైనుతో కలిపే చిన్న ఎక్స్ఛేంజి. దాన్ని తీసేసి ఐపీ ఫోన్లు పెట్టమని అమ్మేవాళ్లు చెప్తారు. తవుడు దుమ్ములో, ఆ చప్పుడులో మామూలు ఫోను పగిలినా తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు, ఐపీ ఫోను అలా కాదు. ఈపీఏబీఎక్స్ బాగుంటే దాన్ని అలాగే ఉంచి, అడాప్టర్ ఫోను పోర్టు నుంచి తీగ తెచ్చి ఈపీఏబీఎక్స్‌లో బయటి లైను గుచ్చే సీఓ పోర్టులో గుచ్చండి. లోపలి ఫోన్లన్నీ ఎప్పటిలాగే ఉంటాయి, బయటి లైను మాత్రమే ఇంటర్నెట్‌ది అవుతుంది.

ఇలా చేసినప్పుడు ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. అవతలివాళ్లు పెట్టేశాక కూడా ఈపీఏబీఎక్స్‌కు ఆ సంగతి తెలియక లైను బిజీగానే ఉండిపోతుంది. ఒక మిల్లులో పొద్దున ఒక కాల్ వచ్చాక సాయంత్రం దాకా ఇంకో కాల్ రాలేదు, వడ్లు తెచ్చిన రైతులు బయట లారీల్లో కూర్చుని ఫోను చేస్తూనే ఉన్నారు. అడాప్టర్‌లో కాల్ ముగిసినప్పుడు పొలారిటీ (తీగల ప్లస్, మైనస్) తిరగబడే సెట్టింగు పెట్టాలి. ఈపీఏబీఎక్స్ దాన్ని గుర్తించకపోతే బిజీ టోనును మన దేశపు 400 హెర్ట్జ్‌కు మార్చాలి. అప్పుడు దానంతటదే లైను వదిలేస్తుంది. ఎక్కువ పోర్టులు కావాలంటే హెచ్‌టీ 814లో నాలుగు, 818లో ఎనిమిది ఉంటాయి. ఫ్యాక్స్ ఇంకా వాడేవాళ్లు టీ.38 (ఇంటర్నెట్‌లో ఫ్యాక్స్ పంపే పద్ధతి) ఉన్న అడాప్టరే తీసుకోండి.

తగిలించేముందు రోజెట్ విప్పండి

ఇంట్లో గోడల్లో పాత ఫోను వైరింగు ఉంటే దాన్నే వాడుకోవచ్చు. అడాప్టర్ నుంచి ఒక తీగను ఏదో ఒక గోడ పాయింటులో గుచ్చితే మిగతా పాయింట్లన్నీ బతుకుతాయి. కానీ అంతకంటే ముందు బయటి నుంచి వచ్చే డ్రాప్ వైరును విడదీయాలి. రోజెట్ (బయటి తీగ వచ్చి కలిసే చిన్న గోడ డబ్బా) మూత విప్పితే రెండు స్క్రూలు, వాటి కింద పచ్చగా చిలుము పట్టిన రాగి కనిపిస్తాయి. ఆ రెండు తీగలనూ ఊడదీసి, విడివిడిగా టేపు చుట్టి పక్కన పెట్టండి. లైను చచ్చిందని వదిలేస్తే, ఎప్పుడో లైన్‌మన్ దాన్ని బాగుచేసిన రోజు ఎక్స్ఛేంజి 48 వోల్టులు నేరుగా అడాప్టర్‌లోకి వస్తాయి, పోర్టు కాలిపోతుంది. పిడుగుల కాలంలో ఆ తీగ ఇంకా ప్రమాదం. ఫైబర్ గాజు కాబట్టి దాని గుండా పిడుగు దెబ్బ రాదు, స్తంభం నుంచి వేలాడే రాగి గుండా వస్తుంది.

పాత గంట ఫోన్లు ఒకే పోర్టుకు మూడు నాలుగు తగిలిస్తే గంట బలహీనంగా మోగుతుంది, ఒక్కోసారి అసలు మోగదు. రెండు దాటనివ్వకండి.

సెట్టింగుల్లో పెద్దవాళ్లకు తేడా చేసేవి

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో అన్నీ సరిగ్గా పెట్టాను. ఆయన రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుని, "ఇది మన టోను కాదు" అని పెట్టేశారు. నిజమే, అడాప్టర్ అమెరికా టోనుతో వచ్చింది. మన 400 హెర్ట్జ్ టోను పెట్టాక ఒప్పుకున్నారు. రెండో రోజు ఫోను చేసి, "నంబరు సగం కొట్టేసరికి తెగిపోతోంది" అన్నారు. ఆయన డైరీలో చూసి ఒక్కో అంకె నెమ్మదిగా నొక్కుతారు. అంకెకూ అంకెకూ మధ్య నాలుగు సెకన్లు దాటితే అడాప్టర్ నంబరు అయిపోయిందనుకుని పంపించేస్తుంది. దాన్ని ఎనిమిది సెకన్లు చేశాను. తొందర ఉన్నవాళ్లు చివర హ్యాష్ నొక్కితే వెంటనే పోతుంది.

డయల్ ప్లాన్‌లో, అంటే ఏ నంబరు ఎలా కొట్టాలో అడాప్టర్‌కు చెప్పే సెట్టింగులో, ఇంకొకటి చూసుకోవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి, అంటే మొత్తం 11 అంకెలు. ఫోను తెర మీద అవతలి నంబరు కనబడకపోతే ఫోను చెడిపోయిందనుకోకండి. నంబరు పంపే పద్ధతులు ఎఫ్ఎస్‌కే, డీటీఎంఎఫ్ అని రెండు రకాలు. అడాప్టర్‌లో ఒకటి మార్చి ఇంకోటి పెట్టి చూడండి.

మాట ఒకవైపే వినిపిస్తే రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది ఆఫ్ చేయండి, పదింట ఎనిమిది సార్లు నాకు అక్కడే దొరికింది. కాల్స్ బయటికి పోతూ లోపలికి రాకపోతే, అడాప్టర్ మీకు నంబరిచ్చిన కంపెనీ సర్వర్‌ను పలకరించే వ్యవధి తగ్గించండి. డబ్బా ఐపీ అడ్రసు తెలియకపోతే గ్రాండ్‌స్ట్రీమ్‌లో ఫోను ఎత్తి స్టార్ మూడుసార్లు, తర్వాత 02 నొక్కితే అదే చదివి వినిపిస్తుంది. డబ్బా సెట్టింగుల్లోకి పోయే పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. బయటి నుంచి డబ్బాలోకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ మాత్రం పెట్టకండి. ఎవరో దూరి మీ నంబరు మీద విదేశాలకు కాల్స్ చేస్తే బిల్లు మీకే వస్తుంది.

డేటా గురించి టెన్షన్ అక్కర్లేదు. మాటను ముక్కలు చేసే పద్ధతుల్లో (కోడెక్) స్పష్టంగా వినిపించే జీ.711లో గంట మాట్లాడితే రెండువైపులా కలిపి 80 ఎంబీ లోపే అవుతుంది. ఫైబర్ ఉంటే అదే పెట్టండి. జీ.729 దాంట్లో సగం కూడా తీసుకోదు కానీ గొంతు కొంచెం డొల్లగా వినిపిస్తుంది, చెవుడు ఉన్నవాళ్లకు కష్టం.

కరెంటు పోతే

ఏ దారి ఎంచుకున్నా ఈ ఖర్చు కలుపుకోండి. మోడెం, అడాప్టర్ రెండూ ఆగకుండా నడిస్తేనే ఫోను పనిచేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మోడెం పెట్టిన ప్లగ్గు దాని మీద ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లల్లో ఫ్యాన్లు, లైట్లు ఉంటాయి కానీ టీవీ ప్లగ్గు ఉండదు, మోడెం ఉండేది టీవీ దగ్గరే. ఇన్వర్టర్ లేకపోతే రూటర్లకు దొరికే మినీ యూపీఎస్ తీసుకోండి. మోడెంలు ఎక్కువగా 12 వోల్టులవి, హెచ్‌టీ 801, 802 మాత్రం 5 వోల్టులవి. కాబట్టి రెండు రకాల అవుట్‌పుట్ ఉన్న యూపీఎస్ కావాలి. పిన్నులు మార్చి గుచ్చితే అడాప్టర్ కాలుతుంది, తీగల మీద టేపు అంటించి పేరు రాయండి.

అన్నీ పెట్టాక నేను ఇల్లు వదిలేముందు మెయిన్ స్విచ్ దించి, పది నిమిషాలు ఆగి, నా మొబైల్ నుంచి ఆ నంబరుకు కొడతాను. పెద్దమ్మ ఇంట్లో అలా కొట్టినప్పుడు ఆమె వంటింట్లో ఉంది. చీకట్లో గోడ పట్టుకుంటూ వచ్చి, రిసీవర్ ఎత్తి, "ఎవరూ?" అన్నది.